అలాస్కా ఓడలో జమాఖర్చులు

విహార నౌకల్లో డబ్బు చేతులు మారడం ఎక్కడా కనిపించదు. కాఫీ తాగినా, ఉన్ని టోపీ కొన్నా, ఒళ్ళు పట్టించుకున్నా, ఓడ ఎక్కేటప్పుడు ఇచ్చిన కార్డు చూపిస్తే చాలు. ఆ ఖర్చంతా మన గది పేరున నడిచే ఖాతాలో రాసుకుంటూ పోతారు. దిగే రోజు తెల్లవారేలోగా లెక్క తేల్చి, ముందే రాయించుకున్న క్రెడిట్ కార్డు నుంచి డాలర్లు తీసుకుంటారు. విశేషమేమిటంటే, మనం ఒక్క డాలరు ఖర్చు పెట్టకముందే చాలామంది ఖాతాల్లో కొంత సొమ్ము జమై ఉంటుంది. దాన్ని ఆన్‌బోర్డ్ క్రెడిట్ అంటారు. నా ఉద్యోగమంతా బ్యాంకులో జమలూ ఖర్చులూ సరిచూడటంలోనే గడిచింది. అలాస్కా వెళ్ళినప్పుడు హిమానీనదాలను ఎంత శ్రద్ధగా చూశానో ఈ జమ సంగతినీ అంత శ్రద్ధగా పట్టించుకున్నాను. అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నల్ని ఓడ ఎక్కించడం ఈ రోజుల్లో బాగా పెరిగింది కనుక, దాన్ని గురించి వివరంగా రాయడం అవసరమనిపించింది.

మా అమ్మాయి వాళ్ళుండేది సియాటిల్ పక్కన బాథెల్‌లో. వేసవి వస్తే సియాటిల్‌లోని పియర్ 66, పియర్ 91 అనే రెండు రేవుల నుంచి అలాస్కాకు ఓడలు బయల్దేరతాయి. ఏడు రాత్రుల ప్రయాణం. జూనో, స్కాగ్వే, గ్లేషియర్ బే, కెచికన్ చూపించి, చివరి రోజు సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆపి, తెల్లారేసరికి సియాటిల్ చేరుస్తారు. విక్టోరియాలో ఆపడం వెనక 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండాతో తిరిగే ఓడ, మధ్యలో పరాయి దేశపు రేవును తాకకుండా అమెరికా రేవు నుంచి బయల్దేరి మళ్ళీ అమెరికా రేవుకే ప్రయాణికుల్ని చేర్చడానికి వీల్లేదు. ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ బహామాస్, బెర్ముడా, పనామా లాంటి దేశాల జెండాలతో తిరిగేవే. ఆ కాస్సేపటి కోసం మన పాస్‌పోర్టు వాళ్ళకు కెనడా వీసా కావాలి. మేం ఇండియాలో ఉండగానే తీసుకున్నాం. ఈ సంగతి తెలియక రేవు దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన పెద్దవాళ్ళున్నారని అమ్మాయి చెప్పింది.

టికెట్లు కొనేముందు మా అల్లుడు మూడు చోట్ల ధర కనుక్కున్నాడు: ఓడ కంపెనీ దగ్గర నేరుగా, ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర, కాస్ట్‌కో ట్రావెల్‌లో. కాగితాలు నా ముందు పెట్టి, "అత్తయ్య గారూ, టికెట్ ధర మూడు చోట్లా ఒకటే. తేడా అంతా పైన ఇచ్చేదాంట్లోనే ఉంది, మీరే చూడండి" అన్నాడు. కంపెనీ గదికి 100 డాలర్ల క్రెడిట్ ఇస్తానంది. ఏజెంటు ఆ 100కు తోడు తన తరఫున ఇంకో 75 ఇస్తానన్నాడు. కాస్ట్‌కో అయితే కంపెనీ ఇచ్చే 100 అలాగే ఉంచి, తిరిగొచ్చాక తన దుకాణంలో వాడుకునే షాప్ కార్డు పంపుతానంది. సియాటిల్ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్ళల్లో బియ్యం బస్తా నుంచి బాదం పప్పు దాకా కాస్ట్‌కో నుంచే వస్తాయి. అలాంటి ఇళ్ళకు ఓడలో వాడుకునే క్రెడిట్ కన్నా ఆ కార్డే మేలు కావచ్చు, ఎలాగూ కొనే సరుకులకే అది చెల్లుతుంది కనుక. మా వాళ్ళు మాత్రం రెండు చోట్లా మొత్తం కూడి చూసి ఏజెంటు వైపు మొగ్గారు.

ధర మూడు చోట్లా ఒకటే ఎందుకుందో నాకు మొదట అర్థం కాలేదు. పెద్ద ఓడ కంపెనీలు తాము పెట్టిన ధర కంటే తక్కువకు టికెట్టును ప్రకటించడానికి ఏజెంట్లను సాధారణంగా అనుమతించవు. కానీ ప్రతి టికెట్టు మీదా ఏజెంటుకు కమిషన్ ముడుతుంది. ధర తగ్గించే దారి మూసుకుపోయింది కాబట్టి, అతను ఆ కమిషన్‌లో కొంత తీసి మన ఓడ ఖాతాలో జమ చేయిస్తాడు. అంటే ఏజెంటు క్రెడిట్ అతని సొంత జేబులోంచి వచ్చే సొమ్ము. కంపెనీ ఇచ్చే 100 అలా కాదు, అది తన దుకాణాల్లో అమ్మే సరుకు మీద తానే వదులుకునే మొత్తం. ఈ రెండింటి పుట్టుక వేరు కనుకనే వాటికి వర్తించే నిబంధనలు కూడా వేరుగా ఉంటాయి.

కంపెనీకి ఈ వదులుకోవడం ఎందుకు గిట్టుబాటవుతుందో వాళ్ళ వార్షిక లెక్కలు చూస్తే తెలుస్తుంది. 2023లో రాయల్ కరీబియన్ గ్రూపు మొత్తం ఆదాయం దాదాపు 1,390 కోట్ల డాలర్లు. అందులో టికెట్లు పోగా, ఓడలో అమ్మకాలూ ఇతరత్రా వచ్చింది సుమారు 433 కోట్లు. అదే ఏడు కార్నివాల్ కార్పొరేషన్‌కు మొత్తం 2,159 కోట్ల డాలర్లయితే, ఓడలోపలి పద్దు 750 కోట్లు దాటింది. అంటే దాదాపు ప్రతి మూడు డాలర్లలో ఒకటి మనం ఓడెక్కాక వస్తోంది. మన ఊళ్ళో ఆషాఢ మాసంలో బట్టల షాపువాళ్ళు, మళ్ళీ తమ షాపులోనే వాడాలనే షరతుతో ఇచ్చే కూపను లాంటిదే ఈ 100 డాలర్లు కూడా. కూపను ఉందని లోపలికి వెళ్ళినవాళ్ళు కూపను మేరకే కొని బయటికి రావడం అరుదు. ఈ విషయం షాపువాళ్ళకూ తెలుసు, ఓడవాళ్ళకూ తెలుసు.

అందుకని క్రెడిట్ ఎంత అనే దానికన్నా ఏ రకం అనేది ముఖ్యం. ఉన్నవి రెండు రకాలు. ఒకటి రీఫండబుల్: దిగేనాటికి మిగిలితే కార్డులోకి తిరిగొస్తుంది, కొన్ని ఓడల్లో నగదుగానో చెక్కుగానో చేతికిస్తారు. రెండోది నాన్ రీఫండబుల్: ఆఖరి రాత్రి లోపు వాడుకోకపోతే పోయినట్టే. కంపెనీ ప్రచారానికి ఇచ్చేది చాలావరకు రెండో రకం. ఏజెంటు ఇచ్చేది ఎక్కువగా మొదటి రకం, అయినా అదీ ఖాయం కాదు, అడిగి రాయించుకోవాలి. మేం ప్రయాణించిన ఓడలో అయితే రెండు రకాలూ ఉన్న ఖాతాలో ముందు నాన్ రీఫండబుల్ కరిగి, తర్వాతే రెండోది కదిలేది. మరో మెలిక, గదికి ఇంత అని ఇచ్చేది మొదటి ఇద్దరు ప్రయాణికుల పేర్లకే పడుతుంది. మూడో మనిషిగా వచ్చిన మా మనవడి పేరున ఒక్క సెంటూ లేదు. వాడికది కొంచెం కష్టమనిపించి, "తాతయ్యకి ఉంది, నాకెందుకు లేదు?" అని ఓడ దిగేదాకా అడుగుతూనే ఉన్నాడు.

బయల్దేరే ముందు అల్లుడు మరో జాగ్రత్త చెప్పాడు: "మీ ఇండియా డెబిట్ కార్డు గానీ ఫారెక్స్ కార్డు గానీ వాళ్ళకివ్వకండి." ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు. ఓడవాళ్ళు ఖర్చు పెరిగేకొద్దీ కార్డు మీద ముందస్తుగా కొంత సొమ్ము హోల్డ్ పెడతారు. క్రెడిట్ కార్డయితే పరిమితిలో కొంత ఆగుతుంది, అంతే. డెబిట్ కార్డయితే ఖాతాలోని అసలు డబ్బే ఆగిపోతుంది. లెక్క తేలాక కూడా ఆ హోల్డ్ విడవడానికి రోజులు పడతాయి. ఇండియా నుంచి పరిమితంగా డాలర్లు తెచ్చుకున్న పెద్దవాళ్ళకు ఇది నిజమైన ఇబ్బంది. మా రెండు గదులకూ అమ్మాయి క్రెడిట్ కార్డే ఇచ్చాం.

ఓడెక్కిన రోజు సాయంత్రం అందరూ పై డెక్కు మీద సియాటిల్ మేడల్ని ఫొటోలు తీసుకుంటుంటే, నేను గదిలో టీవీ తెరమీద మా ఖాతా తెరిచి చూశాను. 100 ఉంది. ఏజెంటు 75 లేదు. గెస్ట్ సర్వీసెస్ దగ్గర పెద్ద వరస. బహుశా సగం మంది ఇలాంటి పని మీదే వచ్చారు. నా వంతు వచ్చాక, ఏజెంటు పంపిన ఈమెయిలు ప్రింటు చూపించాను. అక్కడున్న అమ్మాయి నవ్వుతూ, "ఏజెంట్ల సొమ్ము ఒక్కోసారి రెండో రోజుకు గానీ ఎక్కదు మేడమ్, రేపు మధ్యాహ్నం చూడండి" అంది. మర్నాడు మధ్యాహ్నానికీ రాలేదు. మళ్ళీ వెళ్ళాను. తీరా చూస్తే రెండు గదుల డబ్బూ అమ్మాయి వాళ్ళ గదిలోనే జమైంది, బుకింగ్ చేసింది వాళ్ళే కనుక. కాగితంలో గదికి 75 అని స్పష్టంగా ఉండటంతో అక్కడికక్కడే మార్చారు. ఆ ప్రింటు లేకుంటే నడిసముద్రంలో ఇంటర్నెట్ కొనుక్కుని ఏజెంటును వెతకాల్సి వచ్చేది. పైగా సియాటిల్ ఆఫీసు వేళలు అయిపోయాక ఎవరూ పలకరు.

రెండో రోజంతా సముద్రమే. ఆ రోజు ఓడ మొత్తం ఒక బజారు. ఒకచోట పెయింటింగుల వేలం, ఒకచోట వాచీలు, ఒకచోట గొలుసులు. స్పా వాళ్ళు ఉచితంగా మెడ పట్టి చూపిస్తామని పిలుస్తారు. ఫొటోగ్రాఫర్లు ప్రతి మెట్టు దగ్గరా నిలబెట్టి తీస్తారు, తీయడం ఉచితం, ప్రింటుకే డబ్బు. "మీకు క్రెడిట్ ఉందిగా" అన్న మాట ఆ రోజు ఎన్నిసార్లు విన్నామో. ఉన్న క్రెడిట్ ఎంతో వాళ్ళ తెరమీదా కనిపిస్తుంది మరి. వీటన్నిటి మీదా చూపిన ధర వేరు, పడే ధర వేరు. డ్రింకుల మీద, స్పా మీద సర్వీసు చార్జీ అని 18 శాతమో ఆ పైనో కలుస్తుంది. కేసినో మాత్రం చాలా ఓడల్లో ఈ క్రెడిట్‌కు అందదు. చిప్స్ కొనుక్కుని, ఆడకుండా నగదుగా మార్చుకోవడం ఒకప్పుడు జరిగేది. కంపెనీలు ఆ తలుపు మూసేశాయి.

మాలాంటి శాకాహారులకు, మద్యం ముట్టనివాళ్ళకు ఓడలో డబ్బు పెట్టి తినాల్సింది తాగాల్సింది పెద్దగా ఉండదు. పెద్ద డైనింగ్ హాల్లో ముందురోజు చెబితే పప్పు, కూర, అన్నం వండి పెట్టారు. వడ్డించిన గోవా అబ్బాయి పచ్చిమిరపకాయలు అడక్కుండానే తెచ్చేవాడు. అదంతా టికెట్టులో భాగమే. కాబట్టి మా 100 డాలర్లు ఎక్కడ వాడాలన్నది నిజంగానే ఆలోచించాల్సి వచ్చింది.

అదే హాల్లో భోజనాల బల్ల దగ్గర టెక్సాస్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పరిచయమైంది. ఆవిడ ఖాతాలో మాకన్నా ఎక్కువ ఉంది. ఎలాగంటే, ఆవిడ ఆ కంపెనీలో వాటాదారు. పెద్ద ఓడ కంపెనీలు చాలా ఏళ్ళుగా, 100 షేర్లున్నవారికి ప్రయాణం నిడివిని బట్టి క్రెడిట్ ఇస్తున్నాయి. వారం రోజుల ఓడకు గదికి 100 డాలర్లు, రెండు వారాలైతే 250. ప్రయాణానికి ముందే షేర్లున్నట్టు రుజువు పంపి అడగాలి, వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు. దీనికి తోడు ఆవిడ కిందటి ప్రయాణంలో ఓడలోనే తర్వాతి ప్రయాణానికి అడ్వాన్సు కట్టి, దానికి మరికొంత తెచ్చుకుంది. ఈ రెండూ కాక ఏజెంటుది. మూడూ ఒకదానిమీద ఒకటి చెల్లాయి. అలా కలిపి వాడుకోనిస్తారో లేదో ముందే అడిగి తెలుసుకున్నానని చెప్పింది. ఆవిడ వయసు ఎనభై దాటి ఉంటుంది. చిన్న నోటు పుస్తకంలో రోజూ ఖర్చు రాసుకునేది. నాకు చాలా నచ్చింది.

మూడో రోజు జూనో. అలాస్కా రాజధాని అయినా బయటి నుంచి అక్కడికి రోడ్డు లేదు, ఓడలోనో విమానంలోనో రావాల్సిందే. ఊరి జనాభా 32 వేల లోపు. ఒక్క వేసవిలో ఓడల మీద వచ్చే జనం 15 లక్షలు దాటుతున్నారు. ఆ తాకిడికి ఊరివాళ్ళు ఇబ్బంది పడుతున్నారని, రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించి రాకుండా 2024 నుంచి కంపెనీలతో ఒప్పందం చేసుకున్నారు. మెండెన్‌హాల్ హిమానీనదం ఊరికి పదమూడు మైళ్ళు. రేవులోనే ప్రైవేటు బస్సుల వాళ్ళ టికెట్ బల్లలుంటాయి. ఓడలో అమ్మే మెండెన్‌హాల్ యాత్రల కన్నా అవి బాగా తక్కువ. కానీ రేవులో ఓడ క్రెడిట్ చెల్లదు. ఇక్కడే ఆ కూపను మనిషిని లాగుతుంది: చేతిలోంచి డాలర్లు పోవడం ఇష్టంలేక, ఎక్కువ ధర పెట్టి ఓడలోనే కొంటారు. మేం బయట బస్సే ఎక్కాం. సరస్సులో తేలే నీలం మంచు ముక్కలు, పక్కనే హోరుమంటూ దూకే నగ్గెట్ జలపాతం. మా ఆయన అక్కడ బండమీద చాలాసేపు కూర్చున్నారు, మేం తొందరపెట్టలేదు. మన బస్సు మన ఇష్టం, ఎప్పుడైనా ఎక్కొచ్చు.

స్కాగ్వేలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన నిర్ణయం తీసుకున్నాం. అక్కడ వైట్ పాస్ రైలు ఎక్కాలని బయల్దేరే ముందే అనుకున్నాం. ఓడ ద్వారా కొంటే కాస్త ఎక్కువే. అయితే రైలు ఆలస్యమైనా ఓడ మనకోసం ఆగుతుంది. విడిగా కొన్నవాళ్ళ కోసం ఆగాలన్న పూచీ లేదు. మోకాళ్ళ నొప్పులున్న మా ఆయన్ను పరుగెత్తించే ఉద్దేశం నాకు లేదు. మా గది 100 డాలర్లు అక్కడ పోశాను. ఎలాగూ పెట్టాల్సిన ఖర్చులో 100 తగ్గింది, అంతకన్నా మంచి వాడకం నాకు కనిపించలేదు.

ఆ రైలు గురించి రెండు మాటలు చెప్పకపోతే మనసొప్పదు. 1896లో కెనడాలోని క్లోండైక్‌లో బంగారం బయటపడ్డాక వేలమంది స్కాగ్వే మీదుగా కొండలెక్కారు. తిండి లేక చస్తారని, మనిషికి ఏడాదికి సరిపడా సరుకు, దాదాపు టన్ను బరువు, ఉంటే తప్ప కెనడా పోలీసులు సరిహద్దు దాటనివ్వలేదు. బరువులు మోయలేక వైట్ పాస్ దారిలో దాదాపు మూడు వేల గుర్రాలు చచ్చిపోయాయి. ఆ లోయకు చచ్చిన గుర్రాల పేరే మిగిలింది. 1898లో మొదలుపెట్టి 26 నెలల్లో మూడడుగుల వెడల్పు పట్టాలతో 110 మైళ్ళ రైలు మార్గం వేశారు. మేం ఎక్కిన ఇరవై మైళ్ళలోనే అది దాదాపు మూడు వేల అడుగులు ఎక్కుతుంది. కిటికీ పక్కన లోయ, అటువైపు రాయి. రైలుకు దారి ఇవ్వడానికి కూలీలు తాళ్ళు కట్టుకుని వేలాడుతూ ఆ రాతిని పేల్చారట. పాత కాలిబాట ఇంకా కిందనే సన్నగా కనిపిస్తుంది. బంగారం కోసం వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఉత్త చేతులతో తిరిగెళ్ళారు. వాళ్ళకు పారలూ దుప్పట్లూ అమ్మిన స్కాగ్వే, సియాటిల్ వర్తకులు మాత్రం బాగుపడ్డారు.

గ్లేషియర్ బే రోజున నా పద్దు పుస్తకం మూసేశాను. జాతీయ ఉద్యానవనం రేంజర్లు పొద్దున్నే చిన్న పడవలో వచ్చి ఓడెక్కి, రోజంతా మైకులో వివరించారు. రోజుకు రెండు పెద్ద ఓడల్నే లోపలికి రానిస్తారు. 1794లో బ్రిటిష్ నావికుడు వాంకూవర్ దళం వచ్చినప్పుడు ఇక్కడ అఖాతమే లేదు, మంచు గోడలో అయిదు మైళ్ళ నొక్కు మాత్రం ఉంది. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు నలభై మైళ్ళకు పైగా వెనక్కి తగ్గి, సముద్రం లోపలికి వచ్చేసింది. మార్జరీ హిమానీనదం ముందు ఓడను ఆపి, నెమ్మదిగా చుట్టూ తిప్పారు. మైలు వెడల్పున్న మంచు గోడ. ఫిరంగి పేలినట్టు చప్పుడు ముందొచ్చి, ఆ తర్వాత మంచు పెళ్ళ నీళ్ళలో పడేది. మనవడు ప్రతిసారీ ఆ చప్పుడు ఎటునుంచి వచ్చిందో వెతుక్కునేవాడు. ఆ రోజు మా ఖాతాలో రోజువారీ టిప్పు తప్ప ఏ పద్దూ లేదు.

కెచికన్‌లో వానలు ఏడాదికి 140 అంగుళాలు దాటుతాయి. మేం వెళ్ళిన రోజునా అదే వరస. అల్లుడు, మనవడు నీటి విమానంలో మిస్టీ ఫ్యోర్డ్స్ మీద తిరగాలని ముందే ఓడవాళ్ళ దగ్గర కార్డు మీద టికెట్లు కొన్నారు. మబ్బు కిందికి దిగి విమానాలు ఆపేశారు. మనవడి మొహం చూడలేకపోయాం. తర్వాత వానలోనే క్రీక్ స్ట్రీట్ చెక్క వంతెన మీద నిలబడి, ఏటికి ఎదురీదుతున్న సాల్మన్ చేపల్ని చూసి కాస్త తేరుకున్నాడు. సాయంత్రానికి ఆ విమానం డబ్బు వాళ్ళ గది ఖాతాలో జమైంది. ఓడ ద్వారా కొని రద్దయిన యాత్రలకు, ఆగలేకపోయిన రేవుల పన్నులకు డబ్బు తరచూ ఇలాగే ఖాతాలోకి వస్తుంది. వెంటనే డెస్కు దగ్గరికి వెళ్ళి ఇది ఏ రకమని అడిగాను. కార్డు మీద కట్టిన సొమ్ము కాబట్టి రీఫండబుల్ అన్నారు. నాన్ రీఫండబుల్ క్రెడిట్‌తో కొని ఉంటే అది అదే రూపంలో తిరిగొచ్చేదట, గడువు మాత్రం ఆఖరి రాత్రే. చివరి రేవుల్లో రద్దయితే ఆ సొమ్ము వాడుకునే వ్యవధి కూడా ఉండదు. అందుకే వాతావరణం మీద ఆధారపడ్డ యాత్రలకు ఆ రకం క్రెడిట్ వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఆఖరి సాయంత్రం దుకాణాల్లో రద్దీ చూడాలి. మిగిలిన క్రెడిట్ పోతుందన్న బెంగతో జనం ఏదో ఒకటి కొంటున్నారు. మనవాళ్ళలో ఒకావిడ, అరవై డాలర్లు మిగిలాయని రెండొందల పైచిలుకు గొలుసు కొనుక్కుంది. కొన్నాక నాకు చూపిస్తూ, "ఊరికే పోయేవాటిని వాడుకున్నానండీ" అంది. ఊరికే వచ్చిన అరవై కోసం సొంత డబ్బు నూట యాభై వదిలింది. గొలుసు బాగుంది, నేనేమీ అనలేదు.

నన్ను బాధపెట్టిన సంగతి వేరొకటి. మా ఓడలో టిప్పులు మనిషికి రోజుకు 17 డాలర్ల చొప్పున వాటంతటవే ఖాతాలో పడేవి. ఇద్దరికి ఏడు రోజులకు 238. డెస్కు దగ్గర వరసలో నా ముందున్న మన తెలుగాయన వాటిని తీసేయమన్నారు. "క్రెడిట్ అంతా దీనికే పోతోంది" అని కారణం చెప్పారు. అడిగితే తీసేస్తారు, మారు మాట్లాడరు. కానీ గది సర్దే మనిషి, వడ్డించే మనిషి, వంటగదిలో గిన్నెలు కడిగే మనిషి సంపాదనలో ఆ టిప్పులు పెద్ద భాగం. మా గది చూసిన ఇండోనేషియా అబ్బాయి కొన్ని నెలల ఒప్పందం మీద వచ్చాడు. అందులో సెలవు రోజంటూ లేదు. ఇంటి దగ్గర చంటిపిల్ల ఉంది, పుట్టాక ఇంకా చూడలేదు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి గది సర్ది, మా ఆయన మోకాళ్ళకు అదనంగా దిండు తెచ్చి పెట్టేవాడు, ఎవరూ చెప్పకుండానే. ఆ అబ్బాయి కడుపు కొట్టి మిగిల్చుకున్న డాలర్లతో నేనేం కొనుక్కోను? మా ఓడలో క్రెడిట్ టిప్పులకూ చెల్లింది. ఏం కొనాలో తోచక తిరుగుతున్న వాళ్ళందరికీ ఆ దారి తెరిచే ఉంది.

మా లెక్క ఇలా తేలింది. మా గదికి కంపెనీ ఇచ్చిన 100 రైలుకు పోయింది, ఏజెంటు ఇచ్చిన 75 టిప్పుల్లో కలిసింది, మిగతాది కార్డు మీద పడింది. అమ్మాయి వాళ్ళ గదిలో 100 వైఫైకి సరిపోయింది. ఏజెంటు 75, విమానం డబ్బు కలిపి అందులోంచి ముగ్గురి టిప్పులు 357 పోగా, మిగిలింది ఓడ దిగిన కొద్ది రోజులకు కార్డులోకి తిరిగొచ్చింది. ఆఖరి రాత్రే తెరమీద ఖాతా మొత్తం చదివాం. మేం తాగని డ్రింకు ఒకటి మా గది మీద పడి ఉంది, చెప్పగానే తీసేశారు. దిగాక అయితే ఫోన్ల మీద తేల్చుకోవాలి.

టికెట్టు కొనబోయే పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఎక్కువ క్రెడిట్ అని రాసిన ప్రకటన కన్నా, పన్నులూ టిప్పులూ కలిపి చివరికి కట్టే మొత్తం చూడండి. ఎక్కువ క్రెడిట్ ఇచ్చే వారం టికెట్టు ధరే ఎక్కువుండొచ్చు. క్రెడిట్ ఏ రకమో, ఎవరి గదికో, ఏ రోజుకు జమవుతుందో ఏజెంటు చేత రాయించుకుని, ఆ కాగితం అమ్మానాన్నల సంచీలో పెట్టండి. వాళ్ళకు కెనడా వీసా ముందే తీయించండి. అన్నిటికన్నా ముందు, ఆ క్రెడిట్‌లోంచి పనివాళ్ళ టిప్పులు కట్టేయండి. వాటిని తీసేయమని మాత్రం డెస్కు దగ్గరికి వెళ్ళకండి.